పైకి స్క్రూలు కనిపించే రేకులు కారతాయా?

అన్నా, బందరు పక్కన గేదెల కొట్టానికి కలర్ రేకులు వేద్దామంటే "పైనంతా స్క్రూలే, వానకి కారవా?" అని అడిగారు కదా. భయపడకుండా వేయించండి. స్క్రూలు కనపడని రకానికి ఖర్చెక్కువ, కొట్టానికి అంత అక్కర్లేదు.

కారడం మొదలయ్యేది ఎక్కువగా స్క్రూ కింది నల్ల వాషర్ దగ్గరే. ఎండకీ వానకీ తట్టుకునే ఈపీడీఎం అనే రకం రబ్బరుదే అడిగి తీసుకోండి. బిగించే రోజు మాత్రం దగ్గరుండి చూడాలి. వాషర్ కాస్త నొక్కుకుని రేకుకి అతుక్కుంటే చాలు. పక్కలకి ఉబ్బి బయటికొచ్చిందంటే అతిగా బిగించినట్టే, ఎండలకి పగిలిపోతుంది. స్క్రూ నిటారుగా, రేకు మడతల్లో ఎత్తుగా ఉండే గట్టు మీద దిగాలి. పల్లంలో వేస్తే పారే నీళ్లన్నీ దాని మీంచే పోతాయి. సాయంత్రం దిగే ముందు డ్రిల్లు వేసినప్పుడు రాలిన ఇనుప రజను మొత్తం మెత్తటి చీపురుతో ఊడిపించండి. మా కొట్టం మీద అది వదిలేశారు, మొదటి వానకే రేకంతా తుప్పు చుక్కలు.

మందం 0.35 వద్దు, 0.5 మిల్లీమీటర్లది తీసుకోండి. అది రంగుతో కలిపి చెప్పిన లెక్కా, ఉత్త ఉక్కుదా అన్నది బిల్లు మీద రాయించుకోండి. ఉప్పుగాలి కాబట్టి అల్యూమినియం-జింక్ పూత చదరపు మీటరుకి 150 గ్రాములు ఉండాలి. పేడ, మూత్రం ఆవిరి రేకుని అడుగు నుంచి తినేస్తుంది, పక్కలు మూసెయ్యకండి.

తుపాను గాలి ముందు లేపేది చూరునీ మూలల్నీ. అక్కడ ప్రతి గట్టుకీ ఒక స్క్రూ పడాల్సిందే.