ఇంటిపేరు పట్టుకుని వెతక్కు తల్లీ

తల్లీ,

హైతీలో మన చుట్టాల కోసం వెతుకుతున్నానని రాశావు. మీ నాన్న బతికుండగా అడిగుంటే సగం పని అయ్యేది. ఇప్పుడు ఈ మేనత్తే నీకు గతి!

ఇంటిపేరు పట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చోకు. పియేర్, జోసెఫ్, లూయి... మనకు పేర్లూ ఇవే, ఇంటిపేర్లూ ఇవే. వెతికితే ఊరంతా దిగుతుంది. ముందు చోటు తేల్చుకో. జాక్మెల్ అంటే చాలదు, ఆ చుట్టుపక్కల ఏ పల్లె అన్నది కావాలి. బానిసల కాలపు తోటల పేర్లే చాలాచోట్ల నేటికీ పల్లెల పేర్లు. ఆ తర్వాత ముద్దుపేర్లు. మీ తాతను కాగితంలో ఉన్న పేరుతో ఊళ్ళో ఒక్కరూ పిలవలేదు. ఆయన అసలు పేరు నాకే బడిలో చేరిన రోజున తెలిసింది.

రాజధాని పోర్ట్-ఓ-ప్రిన్స్ పాత జనన, మరణ రిజిస్టర్లు ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. అంతా ఫ్రెంచి చేతిరాత. పైన ఉండేది నమోదు చేసిన తేదీ. పుట్టిన తేదీ లోపల ఉంటుంది, ఒక్కోసారి ఏళ్ళ తేడా. తండ్రి పేరు లేకపోతే టెన్షన్ పడకు. పెళ్ళి కాగితం లేకుండా కాపురం చేసినవాళ్ళే ఎక్కువ. అప్పుడు చర్చిలో బాప్టిజం పుస్తకం అడగాలి.

హైతీకి స్వాతంత్ర్యం వచ్చిన 1804 కంటే వెనక్కి వెళ్తే దారి సన్నబడుతుంది. ఫ్రాన్స్‌లో ఎక్స్-ఆన్-ప్రోవాన్స్ ఆర్కైవ్స్‌లో తెల్లవాళ్ళ, స్వేచ్ఛ ఉన్న నల్లవాళ్ళ లెక్కలున్నాయి. మనవాళ్ళు తోటల జాబితాల్లో, పారిపోయిన బానిసల కోసం పత్రికల్లో వేసిన ప్రకటనల్లో కనిపిస్తారు. ఒక పేరు, కొంగో అనో నాగో అనో ఆఫ్రికా జాతి, ఒంటిమీద వాతల గుర్తులు. అవి రాత్రిపూట ఒక్కదానివే చదవకు.

ఇక మనుషులు. అసలు చిక్కంతా ఇక్కడే. అక్కడి పొలాలు చాలావరకు పంపకాలు కానివి. పరాయి దేశం నుంచి ఎవరో ఫోన్ చేసి "తాతగారి భూమి ఎక్కడుంది?" అంటే, వాటాకే వచ్చిందనుకుంటారు. మొదటి ఫోన్లో కాగితాల ఊసెత్తకు. ఫలానా ఆవిడ మనవరాలినని చెప్పు, వాళ్ళ పిల్లల గురించి అడుగు. వాట్సాప్‌లో టైప్ చేయకుండా గొంతు పంపు, వాళ్ళ భాష క్రియోల్ నీకు వచ్చీరాకపోయినా సరే. డబ్బు అడుగుతారు. ఎంత ఇవ్వగలవో ముందే అనుకో. నేను తొలిసారే నెలనెలా పంపుతానని నోరు జారాను. రెండేళ్ళు మా మధ్య డబ్బు మాట తప్ప ఇంకో మాట లేదు.

ముఠాల గొడవ తగ్గేదాకా రాజధాని వైపు వెళ్ళకు. వెళ్ళిన రోజున మాత్రం నేరుగా వాకిట్లోకి నడవకు. బయటే నిలబడి "ఒనే!" అని కేకెయ్యి. లోపలినుంచి "రెస్పే!" అన్నాకే అడుగుపెట్టు.

జనవరి 1న బ్రూక్లిన్ రా, గుమ్మడికాయ సూప్ కాస్తాను. మీ నాన్న పెట్టెలోని ఫొటోలు ఫ్రేముల్లోంచి తీసి పట్టుకురా. మా అమ్మ వాటి వెనకాల పెన్సిల్‌తో ముద్దుపేర్లు రాసేది.

మీ అత్త