జామింగ్ ఉన్నా పాశ్చాత్య రేడియోలు ఎలా వినిపించేవి? నాటో, వార్సా ఒప్పందాలతో వాటికి సంబంధమేంటి?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో సోవియట్ యూనియన్ అదే ఫ్రీక్వెన్సీ మీద రొద పంపి (దీన్నే జామింగ్ అంటారు) అంత గట్టిగా అడ్డుకున్నా జనం వాయిస్ ఆఫ్ అమెరికా, బీబీసీ, తూర్పు యూరప్ కోసం నడిచిన రేడియో ఫ్రీ యూరప్, సోవియట్ శ్రోతల కోసం నడిచిన రేడియో లిబర్టీ ఎలా వినగలిగారన్నది మొదటిది. అమెరికా వైపు నాటో, సోవియట్ వైపు వార్సా ఒప్పందం అనే సైనిక కూటములకూ ఈ రేడియోలకూ నిజంగా లంకె ఉందా అన్నది రెండోది.

లంకె ఉంది. ట్రాన్స్‌మిటర్లు ఎక్కడ పెట్టారో చూస్తే చాలు. షార్ట్‌వేవ్ సిగ్నల్ అయనావరణానికి (పైన ఆకాశంలో రేడియో తరంగాలను వెనక్కి తిప్పే పొర) తగిలి దూరంగా ఎక్కడో దిగుతుంది. దగ్గర్లో ఉన్నవాడి నెత్తి మీదుగా దాటిపోతుంది. మ్యూనిక్ నుంచి ప్రేగ్ సుమారు 300 కిలోమీటర్లు. 9 లేదా 11 మెగాహెర్ట్జ్ మీద మ్యూనిక్ నుంచి పంపితే ప్రేగ్‌లో సరిగా దొరకదు. అందుకే రేడియో ఫ్రీ యూరప్ స్టూడియోలు మ్యూనిక్‌లో ఉన్నా, షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్లు కొన్నిటిని పోర్చుగల్‌లోని గ్లోరియాలో పెట్టారు. దగ్గరి శ్రోతలకు బవేరియాలోని హోల్జ్‌కిర్షెన్ నుంచి మీడియం వేవ్ నడిపారు. పోర్చుగల్ 1949లో నాటో మొదలైనప్పటి నుంచీ సభ్యదేశం. రేడియో లిబర్టీకి స్పెయిన్‌లోని పాల్స్ సముద్రతీరం దొరికింది. స్పెయిన్ నాటోలో చేరింది 1982లోనే గానీ, 1953లోనే అమెరికాతో సైనిక స్థావరాల ఒప్పందం చేసుకుంది. తీరాన్ని ఎంచుకోవడానికీ కారణముంది: ఉప్పునీరు రేడియో తరంగాన్ని పెద్దగా నష్టం లేకుండా ప్రతిఫలిస్తుంది, దాంతో సిగ్నల్ తక్కువ కోణంలో బయల్దేరి ఎక్కువ దూరం పోతుంది. గ్రీస్, టర్కీ 1952 ఫిబ్రవరిలో నాటోలో చేరాయి. అదే ఏడు వాయిస్ ఆఫ్ అమెరికా కార్యక్రమాలు ప్రసారం చేసే కొరియర్ అనే ఓడ గ్రీస్‌లోని రోడ్స్ దీవి దగ్గర లంగరేసింది. అందులో 150 కిలోవాట్ల మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్ ఉండేది.

ఇక జామింగ్ సంగతి. అది రెండు రకాలు. ఒకటి ఊళ్లోనే ఉండే చిన్న జామర్. దాని తరంగం నేల వెంట పోతుంది కాబట్టి ప్రభావం ఇరవై ముప్పై కిలోమీటర్లు దాటదు. ఊరి బయటికి పోతే వార్తలు బాగా వినబడేవి, సెలవురోజుల్లో పల్లెల్లోని డాచాలకు (సెలవు ఇళ్లకు) రేడియో తీసుకెళ్లే అలవాటు దీనివల్లే. రెండోది వేల కిలోమీటర్ల దూరం నుంచి ఆకాశం మీదుగా వచ్చే జామింగ్. ఇది చాలా పెద్ద ప్రాంతాన్ని కప్పేస్తుంది గానీ అయనావరణం మాట వినాల్సిందే. ఒకే ఫ్రీక్వెన్సీ మీద చాలా జామర్లు పనిచేసేవి కాబట్టి ఒక్కొక్కటీ మోర్స్‌లో తన గుర్తు అక్షరాలు పంపేది. ఏది పక్కకు జరిగిందో, ఏది బలహీనపడిందో పర్యవేక్షణ కేంద్రం కనిపెట్టాలంటే ఆ గుర్తు కావాలి. ఆ రొద మధ్యలో టక్ టక్‌మని వినిపించేది అదే.

సాయంత్రం పూట సోవియట్ శ్రోతకు ఒక వెసులుబాటు ఉండేది. మాస్కోలో పొద్దు వాలే వేళకు తూర్పున ఉన్న జామర్ల దారిలో అప్పటికే చీకటి పడి ఉంటుంది. చీకటి పడితే అయనావరణం పలచబడి పై ఫ్రీక్వెన్సీలను వెనక్కి పంపలేదు. పడమటి నుంచి వచ్చే సిగ్నల్ దారిలో మాత్రం ఇంకా ఎండ ఉంటుంది. అందువల్ల గంటో రెండు గంటలో రేడియో లిబర్టీ వస్తుంది, దూరపు జామర్ రాదు. ప్రసారకర్తలు ఈ లెక్క చూసుకునే కార్యక్రమాల వేళలు వేసేవారు. ఒకే కార్యక్రమాన్ని ఒకేసారి చాలా ఫ్రీక్వెన్సీల మీద వదలడమూ అందుకే. అవతలివాడు అన్నిటికీ జామర్లు పంచాలి, ఎక్కడో ఒకచోట సందు మిగులుతుంది.

అయితే ఈ వెసులుబాటు ఎక్కువగా 19, 16, 13 మీటర్ల బ్యాండ్లలో (మీటర్లు తగ్గేకొద్దీ ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది) ఉండేది. సోవియట్ ప్రజలకు అమ్మిన సెట్లు మామూలుగా 25 మీటర్ల దగ్గరే ఆగిపోయేవి. ఎగుమతి సెట్లలో పై బ్యాండ్లు ఉండేవి. ఇక్కడే ఇంటి మెకానిక్కుల పనితనం అక్కరకొచ్చింది. రీగాలో వీఈఎఫ్ ఫ్యాక్టరీ తయారుచేసిన స్పీడోలా ట్రాన్సిస్టర్‌లో బ్యాండ్ మార్చడానికి తిరిగే డ్రమ్ము ఉంటుంది. ఒక్కో బ్యాండ్ కాయిల్స్ ఒక్కో పట్టీ మీద ఉంటాయి, పట్టీ ఊడదీయొచ్చు. పెద్దగా వాడని బ్యాండ్ పట్టీ తీసి, చుట్లు తగ్గించి మళ్లీ చుడితే 19 లేదా 16 మీటర్లు వస్తాయి. చాలామంది పప్పులో కాలేసేది ఆసిలేటర్ కాయిల్ (సెట్ లోపల తనదైన ఫ్రీక్వెన్సీ పుట్టించే భాగానిది) ఒక్కటే మార్చి, యాంటెన్నా వైపు కాయిల్‌ను వదిలేయడంలో. ఆ రెండిటి ఫ్రీక్వెన్సీల మధ్య 465 కిలోహెర్ట్జ్ తేడా డయల్ పొడవునా నిలవాలి. లేకపోతే సెట్ మొద్దుబారుతుంది. పైగా దానికి రెట్టింపు, అంటే 930 కిలోహెర్ట్జ్ అవతలున్న స్టేషనో, జామరో అడగకుండానే వచ్చి కూర్చుంటుంది.

కాయిల్ చుట్టలేనివాళ్లకూ ఉపాయాలున్నాయి. ఏఎం సిగ్నల్‌కు (ఈ రేడియోలు వాడే ప్రసార పద్ధతి) మధ్య ఫ్రీక్వెన్సీకి రెండు పక్కలా అదే మాట ఉంటుంది కాబట్టి, డయల్‌ను రెండు మూడు కిలోహెర్ట్జ్ ఒక పక్కకు జరిపితే గొంతు సన్నబడినా మాట అర్థమవుతుంది. ఎక్కువ జరిపితే 5 కిలోహెర్ట్జ్ దూరంలోని పక్క స్టేషన్ మీద పడుతుంది. చెక్క చట్రానికి ఒకటి రెండు చుట్లు తీగ చుట్టి, వేరియబుల్ కండెన్సర్ తగిలించి తిప్పితే ఊళ్లోని జామర్ బాగా తగ్గుతుంది, ఎందుకంటే అది ఒకే దిక్కు నుంచి నేల వెంట వస్తుంది. ఆకాశం మీదుగా వచ్చే జామర్ మీద ఈ చట్రం పనిచేయదు, దాని దిశా, ధ్రువణమూ (తరంగం ఊగే తీరు) క్షణక్షణం మారిపోతుంటాయి.

ఈ రేడియో చరిత్రలో నన్ను బాగా కలచివేసేది 1956 హంగరీ. నవంబర్ 1న హంగరీ ప్రధాని ఇమ్రె నాజ్ వార్సా ఒప్పందం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించారు. 4న సోవియట్ ట్యాంకులు మళ్లీ బుడాపెస్ట్‌లోకి దిగాయి. హంగేరియన్లు ఇంకో మూడు నాలుగు రోజులు నిలబడితే సైనిక సాయం పంపాలన్న ఒత్తిడిని అమెరికా కాదనలేదని ఒక బ్రిటిష్ పత్రిక రాసింది. ఆ వార్తను రేడియో ఫ్రీ యూరప్ అదే రోజు హంగేరియన్‌లో చదివింది. ఒకరి మీద దాడి జరిగితే అందరూ సాయపడాలనే నాటో ఐదో అధికరణం సభ్యదేశాలకే వర్తిస్తుంది, హంగరీకి ఎవరూ రారు. రేడియో చేరిన చోటికల్లా కూటమి రాదన్న సంగతి శ్రోతకు స్పష్టంగా చెప్పకపోవడం ఘోరమైన తప్పు. తర్వాత నియమాలు బిగించారు గానీ అప్పటికే జరగాల్సిన నష్టం జరిగిపోయింది.

జామింగ్ తేదీలు కూడా కూటమి కష్టసుఖాలతో పాటే నడిచాయి. 1963లో వాయిస్ ఆఫ్ అమెరికా, బీబీసీల మీద ఆపారు. 1968 ఆగస్టులో వార్సా సేనలు చెకొస్లొవేకియాలోకి వెళ్లగానే మళ్లీ మొదలుపెట్టారు. 1973లో ఆపి, పోలండ్ సమ్మెల వేళ 1980 ఆగస్టులో తిరిగి మొదలెట్టారు. బీబీసీ, వాయిస్ ఆఫ్ అమెరికాలకు 1987లో విముక్తి దొరికింది. రేడియో లిబర్టీకి మాత్రం మధ్యలో ఏ సడలింపూ లేదు, 1988 నవంబర్ చివరిదాకా అడ్డుకుంటూనే ఉన్నారు. వార్సా దేశాలన్నీ ఒకే తీరుగా లేవు కూడా: రొమేనియా 1963లోనే జామింగ్ మానేసింది, 1968 దాడికీ సైన్యాన్ని పంపలేదు.

మన దేశానికీ ఈ చిక్కు ఒకసారి ఎదురైంది. చైనా యుద్ధం తర్వాత, 1963లో, అమెరికా 1000 కిలోవాట్ల మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్ సమకూర్చేలా, బదులుగా రోజులో కొన్ని గంటలు వాయిస్ ఆఫ్ అమెరికా దాన్ని వాడుకునేలా ఒప్పందం కుదిరింది. మన నేల మీది నుంచి ఒక కూటమి గొంతు వినిపిస్తే అలీన విధానం ఏమవుతుందని దేశంలో గొడవ లేచింది. నెహ్రూ ప్రభుత్వం ఆ ఒప్పందం నుంచి వెనక్కి తగ్గింది.