1765లో బండి ఆల్ప్స్ ఎలా దాటింది?

మీ కథలో ఇంగ్లిష్ ప్రభువు కొడుకు 1765లో నాలుగు గుర్రాల బండిలోనే ఆల్ప్స్ దాటి ఇటలీలోని టూరిన్ చేరడం కుదరదని కొందరు అన్నారని, ఎలా మార్చాలని అడిగారు కదా. వాళ్లన్నది నిజమేనండి. ఆ దారిలో ఆల్ప్స్ దాటే మోంట్ సెనీ కనుమ మీద బండి దారి నెపోలియన్ వేయించాకే వచ్చింది. అంతకుముందు ఇవతల, ఇప్పటి ఫ్రాన్స్ వైపున్న లాన్స్‌లెబూర్‌లో బండి విప్పేసి, చక్రాలు, చట్రం కంచరగాడిదల మీద ఎక్కించేవారు. దొరగారేమో మోతకర్రలు కట్టిన కుర్చీలో కూర్చుంటే కూలీలు వంతులవారీగా మోసేవారు. అవతల, ఇటలీ వైపున్న నోవలేజాలో మళ్లీ బిగించుకోవడమే. ఈ సీనే ఇంకా రక్తి కడుతుంది. 1739లో ఇంగ్లిష్ రచయిత హోరేస్ వాల్పోల్ ముద్దుల కుక్కను ఈ దారిలోనే తోడేలు పట్టపగలు ఎత్తుకుపోయింది, కావాలంటే అదీ వాడుకోండి! డబ్బు గురించి టెన్షన్ వద్దు. లండన్ బ్యాంకరు ఇచ్చిన లెటర్ ఆఫ్ క్రెడిట్ (ఈయనకు డబ్బివ్వండి అని రాసిచ్చిన హామీ పత్రం) చూపించి పెద్ద ఊళ్లలో డబ్బు తీసుకునేవారు.