లాన్ ఎండితే పక్కింటివారికి నోటీసు ఇవ్వవచ్చా?

ప్రశ్న: పక్కింటివారు ప్రహరీ గోడ పొడవునా కలుపుమందు కొట్టించారు. మర్నాటికే మా లాన్‌లో అక్కడక్కడా గోధుమరంగు మచ్చలు కనిపించాయి. నష్టపరిహారం కోరుతూ లాయరు నోటీసు పంపవచ్చా?

జవాబు: పంపవచ్చు, అడ్డేమీ లేదు. కానీ తిరుగు జవాబు కూడా వస్తుంది. 'మా మందు వల్లే ఎండిందనడానికి రుజువేమిటి?' అన్నదే అందులో మొదటి ప్రశ్న. సివిల్ దావాలో రుజువు భారం ఆరోపించినవారిదే. మందు కొట్టాక గడ్డి ఎండింది కాబట్టి మందు వల్లే ఎండిందంటే కోర్టు ఒప్పుకోదు.

మీరు చెప్పిన వివరాలే మీకు ఎదురు తిరిగేలా ఉన్నాయి. గాలికి కొట్టుకొచ్చిన మందైతే గోడ పక్కన ఎక్కువగా, దూరం పోయేకొద్దీ తక్కువగా మాడాలి. మందు పేరు కూడా కనుక్కోండి. 2,4-డి ప్రధానంగా వెడల్పాకు కలుపును చంపుతుంది, సరైన మోతాదులో చాలా రకాల గడ్డిని ఏమీ చేయదు. గ్లైఫోసేట్ గడ్డినీ వదలదు గానీ, మర్నాటికే మాడ్చదు. దాని ప్రభావం కంటికి కనబడడానికి కొన్ని రోజులు పడుతుంది.

ఇక మీ ఇంట్లోనే కారణం ఉందేమో చూడండి. మచ్చ అంచున గడ్డి పట్టుకుని లాగండి. చాపలా చుట్టుకుని పైకి లేచి, కింద తెల్లగా వంకర తిరిగిన వేరుపురుగులు కనిపిస్తే పక్కింటివారు నిర్దోషులే. మధ్యలో ఎండి చుట్టూ ముదురాకుపచ్చ వలయం ఉంటే కుక్క మూత్రాన్ని అనుమానించండి. (కుక్క వారిదైతే అది మరో కేసు!) మంచు ఆరకముందు మచ్చ అంచున సన్నని బూజు దారాలు కనిపిస్తే అది శిలీంధ్రం పని. ఏటా ఎండలకు అదే చోట ఎండుతుంటే మట్టిలో స్క్రూడ్రైవర్ గుచ్చండి, కింద ఇటుక ముక్కలు తగలవచ్చు.

ఇవేవీ కావని తేలితే తవ్వకముందే, గోడ నుంచి దూరం తెలిసేలా టేపు పరిచి ఫొటోలు తీయండి. ఎండిన గడ్డి, బాగున్న గడ్డి నమూనాలను విడివిడిగా ప్రయోగశాలకు పంపండి. ఆలస్యమైతే మందు అవశేషాలు తరిగిపోతాయి. గాలి వీస్తున్నప్పుడు పిచికారీ చేయడం చూసినవారుంటే నిర్లక్ష్యాన్ని నిరూపించడం తేలికవుతుంది.

పరిహారం పెరుగుతుందని నీళ్లు మానేసి మిగతా లాన్‌ను మాత్రం ఎండబెట్టకండి. నష్టాన్ని తగ్గించుకునే బాధ్యత మీకూ ఉంది, ఆపగలిగి ఆపని నష్టానికి పరిహారం రాదు.