ఆన్‌లైన్ కొట్టు పెట్టబోతున్న కల్యాణికి

చి. సౌ. కల్యాణికి, బాబాయి ఆశీస్సులు.

నెల అద్దెకు ఆన్‌లైన్ కొట్టు ఇచ్చే షాపిఫై తీసుకోనా, వర్డ్‌ప్రెస్ సైట్ మీద నడిచే ఉచిత సాఫ్ట్‌వేర్ వూకామర్స్ పెట్టించనా, లేక మీషో, అమెజాన్‌లలోనే అమ్మేయనా అని అడిగావు. ఆ పేర్లు కాసేపు పక్కన పెట్టి ముందు నీ సరుకు చూడమ్మా. మంగళగిరి చీరలు, డ్రెస్ మెటీరియల్ ఒక రకం, కుట్టించిన కుర్తీలు ఇంకో రకం. రెండూ బట్టలే అయినా ఆన్‌లైన్‌లో వాటి లెక్కలు వేరు. ఒక కుర్తీ డిజైన్‌లో నాలుగు రంగులు, ఎస్ నుంచి డబుల్ ఎక్సెల్ దాకా ఐదు సైజులు ఉన్నాయనుకో, ఆ ఒక్క డిజైనుకే స్టాకు 20 వరసలు రాసుకోవాలి. నీలం రంగు ఎల్ సైజు అయిపోయినా మిగతా 19 కనబడుతూనే ఉండాలి. చీర అలా కాదు. ఫలానా రంగు, ఫలానా అంచు కలిసిన చీర నీ దగ్గర ఒకటే ఉంటుంది, మహా అయితే రెండు. అది అమ్ముడైన నిమిషంలోనే కొట్టులోంచి పోవాలి. నువ్వు తీసుకునేది ఈ రెండు పనులూ చేయగలదా అన్నది మొదట చూడు. థీమ్, అంటే సైట్ పైరూపం, దాని అందచందాలు తరవాత.

నెలకు పాతిక, ముప్పై ఆర్డర్ల దాకా వాట్సాప్ బిజినెస్ కేటలాగ్ చాలు. ఖర్చు లేదు, 500 వస్తువుల దాకా పెట్టుకోవచ్చు. కాకపోతే స్టాకు లెక్క దానికి పట్టదు. ఒకే చీరకు ఇద్దరు డబ్బు కట్టేస్తారు, ఒకరికి వెనక్కి పంపి నచ్చజెప్పుకోవాలి. కొందరు కట్టకుండానే కట్టినట్టు స్క్రీన్‌షాట్ పంపుతారు. స్క్రీన్‌షాట్ నమ్మి పార్సిల్ కట్టకు, నీ బ్యాంకు ఖాతాలో పడిందో లేదో చూశాకే కట్టు. ఎవరు ముందు కట్టారో తేల్చుకోవడానికే రోజూ రాత్రి గంట పడుతుంటే, అప్పుడిక సొంత సైట్ పెట్టాల్సిందే.

మీషో కమీషన్ తీసుకోని మాట నిజమే. కానీ అక్కడికి వచ్చేవాళ్లు ధర చూసి కొంటారు. నీ 1,800 రూపాయల చేనేత చీర పక్కనే అదే రంగు మరమగ్గం చీర 400కు కనిపిస్తుంది, ఫోన్ తెర మీద నేత తేడా తెలిసేది ఎందరికి? పైగా కొన్నవాళ్ల ఫోన్ నంబరు నీ చేతికి రాదు. చీరల వ్యాపారం నిలబడేది రెండోసారి, మూడోసారి కొనేవాళ్ల మీద, వాళ్లెవరో నీకు తెలియకపోతే శ్రావణ మాసం సరుకు వచ్చిందని ఎవరికి చెప్తావు? ఐదారు వందల లోపు కుర్తీలు అక్కడ పెట్టు, తప్పులేదు. చీరలు మాత్రం వద్దు. అలా అమ్మినప్పుడు వాళ్లు జీఎస్టీ కింద 0.5 శాతం టీసీఎస్, అంటే అమ్మకం దగ్గరే పట్టుకునే పన్ను, పట్టుకుంటారు. ఆ డబ్బు నీదే. ప్రతి నెలా జీఎస్టీ పోర్టల్‌లో నువ్వు ఒప్పుకుంటేనే నీ క్యాష్ లెడ్జర్‌లోకి, అంటే అక్కడి నీ పన్ను ఖాతాలోకి, వస్తుంది.

ఇక సొంత కొట్టు. నెలకు 40 ఆర్డర్లు, సగటున 1,500 అనుకో, అమ్మకం 60,000. షాపిఫై బేసిక్ ప్లాన్ నెలనెలా కడితే 2,000 దాకా అవుతుంది. వాళ్ల సొంత పేమెంట్ సర్వీసు మన దేశంలో లేదు, బయటి గేట్‌వే, అంటే కొనేవాళ్ల డబ్బు తీసుకుని నీ ఖాతాలో వేసే సర్వీసు, పెట్టుకోవాలి. అలా పెట్టుకున్నందుకు బేసిక్ ప్లాన్ మీద అమ్మకంలో 2 శాతం వాళ్లకు కట్టాలి, అంటే 1,200. చాలామంది ఈ 2 శాతాన్ని లెక్కలో వేసుకోరు. గేట్‌వే వాళ్ల 2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 2.36 శాతం, అది ఇంకో 1,416. మొత్తం 4,616. ఆర్డరుకు 115 రూపాయలు. అదే వూకామర్స్ అయితే సాఫ్ట్‌వేర్‌కు డబ్బు లేదు. హోస్టింగ్, అంటే సైట్ ఉంచే చోటుకు అద్దె, నెలకు 500, గేట్‌వే 1,416, ఆర్డరుకు 48 పడుతుంది.

తేడా చూసి వూకామర్స్ అనేయకు. దాన్ని ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. వర్డ్‌ప్రెస్, దానికి తగిలించే అదనపు ముక్కలైన ప్లగిన్లు, థీమ్ ఎప్పటికప్పుడు అప్‌డేట్ అవుతాయి, ఒకదానితో ఒకటి పొసగకపోతే చెక్అవుట్ పేజీ ఆగిపోతుంది. కొట్టు తెరిచే ఉంటుంది, డబ్బు కట్టే దారి మూసుకుపోతుంది, రెండు రోజులు ఆర్డర్లు రాకపోతే గానీ నీకు తెలియదు. బ్యాకప్ తీసి, అప్‌డేట్ చేసి, ఒక ఆర్డరు పెట్టి చూసే మనిషి ఇంట్లో ఉంటే వూకామర్స్ పెట్టించు. లేకపోతే షాపిఫై తీసుకో. నెలకు ఎక్కువయ్యే ఆ 2,700 కాపలా జీతం అనుకో. ఆర్డర్లు నెలకు 150 దాటాక ఆ 2 శాతమే 4,500 అవుతుంది, అప్పుడు మళ్లీ లెక్క చూసుకో.

ఒక్క చీర సంగతి ఇంకాస్త దగ్గరగా చెప్తాను, అందరూ తడబడేది ఇక్కడే. షాపిఫైలో ప్రతి వస్తువుకూ స్టాకు అయిపోయినా అమ్మడం కొనసాగించు అనే టిక్కు ఒకటి ఉంటుంది. చీరలన్నిటికీ అది తీసి ఉందో లేదో చూసుకో. వూకామర్స్ సెట్టింగ్స్‌లో ప్రొడక్ట్స్, అందులో ఇన్వెంటరీ తెరువు. హోల్డ్ స్టాక్ అని నిమిషాలు రాసే గడి ఉంటుంది, మామూలుగా 60 ఉంటుంది. అంటే ఒకావిడ డబ్బు కట్టే పేజీ దాకా వెళ్లి ఆగిపోతే, గంటసేపు ఆ చీర ఇంకెవరికీ దొరకదు. పండగ ముందు గంట అంటే మాటలా? దాన్ని 20కి తగ్గించు. మరీ 5 పెట్టకు, ఎందుకంటే యూపీఐ డబ్బు ఒక్కోసారి ఆలస్యంగా పడుతుంది. ఈలోగా ఆర్డరు రద్దయి, చీర ఇంకొకరు కొనేస్తారు. దీనికి తోడు గేట్‌వేలో వెబ్‌హుక్ పెట్టించడం మరవద్దు. డబ్బు కట్టగానే ఆవిడ ఫోన్లో సిగ్నల్ పోయినా, పేజీ మూసేసినా, డబ్బు అందిందని గేట్‌వే నేరుగా నీ సైట్‌కు చెప్పేది దాని ద్వారానే. అది లేకపోతే ఆవిడ ఖాతాలో డబ్బు పోతుంది, నీ దగ్గర ఆర్డరు పెండింగ్‌లో ఉండిపోతుంది.

గేట్‌వే వాళ్లు ఖాతా తెరవడానికి పాన్, బ్యాంకు వివరాలతో పాటు సైట్‌లో ఐదు పేజీలు చూస్తారు: నిబంధనలు, గోప్యత, వాపసు, డెలివరీ, సంప్రదింపు. ఎక్కడినుంచో తెచ్చి అతికించకు. వాపసు పేజీలో చీరకు, కుర్తీకి విడివిడిగా రాయి. వాపసు చేసినా గేట్‌వే రుసుము సాధారణంగా తిరిగి రాదు, ఆ నష్టం ముందే లెక్కలో వేసుకో. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా తేల్చాలి.

కుర్తీలు వెనక్కి వచ్చేది ఎక్కువగా సైజు వల్లే. ఒకరి ఎల్ 40 అంగుళాలు, మరొకరి ఎల్ 42. కాబట్టి బట్టను బల్ల మీద పరిచి, చంక కింద అడ్డంగా కొలిచి, రెట్టింపు చేసి, అది బట్ట కొలతే గానీ ఒంటి కొలత కాదని పట్టికలోనే రాయి. చీరకు ఐదు ఫోటోలు కావాలి: మొత్తం చీర, అంచు, కొంగు, జాకెట్ ముక్క, నేత దగ్గరగా. పొద్దున ఎండ నేరుగా పడని వరండాలో తీయి. ట్యూబ్‌లైటు కింద తీస్తే ఆకుపచ్చ కాస్తా నీలంలోకి దిగుతుంది.

కొరియర్ దగ్గర జేబుకు చిల్లు పెట్టేది అట్టపెట్టె. చాలా కొరియర్లు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తాయి. ఆ వచ్చినదీ అసలు బరువూ పోల్చి ఏది ఎక్కువైతే దానికి బిల్లు వేస్తాయి. 35, 28, 8 సెంటీమీటర్ల పెట్టెలో పెడితే 1.57 కిలోలు, అరకిలో మెట్ల లెక్కన రెండు కిలోల ధర. అదే నూలు చీరను 32, 26, 3 కవరులో పెడితే అరకిలోలోనే సరిపోతుంది. పార్సిల్‌ను తూకం మీద పెట్టి, అంకె కనబడేలా ఒకటి, టేపు ఆనించి ఒకటి ఫోటో తీసి పెట్టుకో. బరువు ఎక్కువని బిల్లు వస్తే అదే నీ సాక్ష్యం. క్యాష్ ఆన్ డెలివరీ అందరికీ తెరవకు. తీసుకోకుండా తిప్పి పంపితే పోనూ రానూ ఖర్చు నీదే. 200 ముందుగా కట్టించుకో, మిగతాది ఇంటి దగ్గర ఇస్తారు. ఆ 200 కట్టినవాళ్లు చీర తిప్పి పంపడం అరుదు.

జీఎస్టీ మాట. ఆంధ్రలో రాష్ట్రం లోపలే సరుకు అమ్మితే ఏడాదికి 40 లక్షల దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, తెలంగాణలో ఆ హద్దు 20 లక్షలే. ఆంధ్ర నుంచి హైదరాబాద్‌కు ఒక్క కుర్తీ పంపినా అది వేరే రాష్ట్రం అమ్మకమే, హద్దుతో పని లేకుండా రిజిస్ట్రేషన్ కావాలి. సొంత సైట్ అన్నాక హైదరాబాద్, బెంగళూరు ఆర్డర్లు తప్పవు, అందుకని ముందే చేయించేయి. చిన్న వ్యాపారులు అమ్మకం మీద తక్కువ శాతం పన్ను కట్టే కాంపొజిషన్ స్కీములో చేరకు, అందులో ఉంటే రాష్ట్రం దాటి అమ్మనివ్వరు. 2025 సెప్టెంబరు 22 నుంచి కుట్టిన బట్టలకు ఒక్కో పీసు 2,500 దాకా 5 శాతం, దాటితే 18 శాతం. చీర బట్ట కింద లెక్క, ఎంత ఖరీదైనా 5 శాతమే. సైట్‌లో రెండింటికీ పన్ను విడిగా పెట్టు. అమెరికాలో ఉన్న మనవాళ్లు అడుగుతారు. 2025 ఆగస్టు 29 నుంచి అక్కడ 800 డాలర్ల లోపు పార్సిళ్లకూ సుంకం పడుతోంది, అది కొనేవాళ్లే కట్టాలని ఆర్డరు ముందే చెప్పు.

డొమైన్ పేరు, అంటే నీ సైట్ చిరునామా, నీ పేరున, నీ ఈమెయిల్‌తో, నీ కార్డుతో నువ్వే కొను. సైట్ చేసేవాళ్లను కొనమనకు. వాళ్లతో పొసగని రోజు కొట్టు పేరే వాళ్ల దగ్గర ఉండిపోతుంది. నెలకోసారి వస్తువులు, కొన్నవాళ్ల జాబితా సీఎస్‌వీగా, అంటే ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టిక ఫైలుగా, దించి పెట్టుకో. దించుకోనివ్వని ప్లాట్‌ఫామ్ ఎంత చవకైనా తీసుకోవద్దు.

తెరిచే ముందు 10 రూపాయల వస్తువు ఒకటి, స్టాకు ఒకటే పెట్టి, మీ ఆయన ఫోన్ నుంచి కొనిపించు. డబ్బు కట్టగానే పేజీ మూసేయమను. ఆర్డరు వచ్చిందా, స్టాకు సున్నా అయిందా, మెసేజ్ వెళ్లిందా చూడు. తరవాత రద్దు చేసి, డబ్బు వెనక్కి పంపి, స్టాకు మళ్లీ ఒకటి అయిందో లేదో చూడు. ఇవన్నీ సరిగ్గా ఉంటే లింకు పంపు, నేనూ ఇక్కణ్ణుంచి ఒకటి పెట్టి చూస్తాను.

ఆశీస్సులతో,
బాబాయి