గుహ జాడ ఎవరికీ చెప్పకు

చిన్నమనూరు, తమిళనాడు

చిట్టితల్లీ,

మేఘమలై కొండల్లో పక్షుల శాస్త్రవేత్త సలీం అలీ పేరు పెట్టిన పండ్ల గబ్బిలాల మీద రీసెర్చ్ చేయడానికి వస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నేను ఉద్యోగానికని వచ్చి, కాఫీ తోటల్లో ముప్పై ఏళ్లు తిరిగిన కొండలవి. నా మేనకోడలు అవి ఎక్కబోతోందంటే గుండె ఉప్పొంగింది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

ఫారెస్టు వాళ్ల పర్మిషన్ చేతికి వచ్చాకే బయల్దేరు. రేబిస్ టీకా ముందే వేయించుకో. గ్లవ్స్ లేకుండా ముట్టుకోకు.

ఇది ఫలానా గబ్బిలమని తేల్చడానికి తొందరపడకు. 1948లో ఈ కొండల్లోనే దొరికిన సలీం అలీ గబ్బిలాన్ని, ఊళ్లలో తిరిగే పొట్టిముక్కు గబ్బిలమే అనుకుని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీలో దాచారు. 1972లో థాయ్ శాస్త్రవేత్త కిట్టి థాంగ్‌లోంగ్యా పరీక్షగా చూసేదాకా అది వేరే జాతని తెలియలేదు. ముందు తోక చూడు. ఊరి గబ్బిలానికి చిన్నదైనా ఉంటుంది, దీనికి బయటికి కనపడదు. చెవుల అంచున తెల్లగీత కూడా ఉండదు.

ఇప్పుడు అసలు మాట. ఏలకుల తోట పైన రాతి చీలికలో ఒక గుహ ఉండేది. అక్కడున్నది ఆ గబ్బిలమేనని, పశ్చిమ కనుమల దక్షిణ కొసన తప్ప ఎక్కడా ఉండదని, పరిశోధనకు వచ్చినాయన నాకు చెప్పాడు. మసక చీకట్లో ఒక్కొక్కటే జారి అత్తిచెట్ల వైపు పోయేవి. ఒక సాయంత్రం నలభై దాకా లెక్కపెట్టాను. ఆ సంబరం పట్టలేక టీకొట్టు దగ్గర చెప్పేశాను, దారితో సహా. దాని మాంసం తింటే ఉబ్బసం తగ్గుతుందని నమ్మేవాళ్లు కూడా అక్కడే ఉన్నారు.

పది రోజుల తర్వాత వెళ్తే గుహ ముందు బూడిద, సగం కాలిన పచ్చి కాఫీ కొమ్మలు. పొగబెట్టి వల కట్టారు. లోపల రెట్టల మీద ఒక పిల్ల, నా బొటనవేలంత. రెక్కలు ఒంటికి చుట్టుకుని అలాగే చచ్చిపోయింది. మూడేళ్లు సాయంత్రాలు వెళ్లి కూర్చున్నాను. ఒక్కటీ రాలేదు.

అందుకే చెప్తున్నాను, నీ ఫోన్‌లో లొకేషన్ ఆపేయి. ఫోటోలో గుహ ముఖం పడనీయకు. ఎంత స్నేహితులైనా సరే చెప్పావంటే ఊరుకోను. పిల్లల్ని మోసే తల్లులున్నప్పుడు లోపలికి వెళ్లనే వెళ్లకు, బయట కూర్చుని లెక్కపెట్టు.

జలగల కోసం మీ అత్త పొగాకు కట్టి ఉంచింది. వచ్చాక ఏ గుహకు వెళ్తున్నావని నేనూ అడగను. ఎన్నింటికి కొండ దిగుతావో మాత్రం చెప్పి వెళ్లు తల్లీ, నేను కింద రోడ్డు మీద ఉంటాను.

మీ మావయ్య