తాగుడు ఒక్కసారిగా మాన్పించవచ్చా?

ప్రశ్న: డాక్టరు గారూ, మా ఆయన మిర్చి యార్డులో హమాలీ. వయసు 46. ఈ రెండేళ్లుగా పొద్దున్నే మందు పడితే తప్ప చేతుల వణుకు ఆగడం లేదు. మొన్న బంధువుల పెళ్లికి వెళ్లినప్పుడు తాగకుండా ఉన్నారు. మూడో రోజు రాత్రి పురుగులు పాకుతున్నాయంటూ తెల్లవార్లూ దుప్పటి దులుపుతూ కూర్చున్నారు. తెలిసినవాళ్లు ఒక పొడి ఇచ్చి, ఆయనకు తెలియకుండా కూరలో కలపమన్నారు. గదిలో పెట్టి తాళం వేస్తే వారంలో దారికొస్తాడని మా బావగారు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, గుంటూరు

జవాబు: అమ్మా, ఆ రెండు పనులూ చేయకండి. పెళ్లిలో మీరు చూసింది పిచ్చీ కాదు, గాలి సోకడమూ కాదు. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి హఠాత్తుగా మానేస్తే 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు, వాంతులు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో కొందరికి ఫిట్స్ వస్తాయి. ఆ తర్వాత లేనివి కనిపించడం, ఎక్కడున్నదీ తెలియకపోవడం, జ్వరం, గుండెదడ కలిసి వస్తే దాన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటాం. దానికి వైద్యం అందకపోతే ప్రాణమే పోవచ్చు. ఒకసారి ఆ స్థితికి వెళ్లినవారికి అది మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి, మీ వారి విషయంలో మానే పని ఆసుపత్రిలోనే మొదలు కావాలి.

గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి (జీజీహెచ్)లో మానసిక వైద్య విభాగం ఉంది. అక్కడ ఆఖరుసారి ఎప్పుడు తాగారో, రోజుకు ఎంత తాగుతారో, మునుపు ఏం జరిగిందో, ఆ పురుగుల సంగతితో సహా దాచకుండా చెప్పండి. క్లోర్‌డయాజిపాక్సైడ్, లోరజెపామ్ వంటి మందులతో వణుకును అదుపు చేసి, రోజురోజుకూ మోతాదు తగ్గిస్తారు. దాంతోపాటు థయమిన్ అనే బి1 విటమిన్ ఇంజెక్షన్లు ఇస్తారు. సరిగా తిండి తినకుండా తాగేవారికి థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది కనుక, వీధి చివర ఆర్‌ఎంపీతో సెలైన్ పెట్టించి సరిపెట్టుకోవద్దు.

ఇక ఆ పొడి. పేరూ ఊరూ లేని పొట్లంలో ఏముందో ఎవరూ చెప్పలేరు. ఒకవేళ తాగుడు మాన్పించడానికి వాడే డైసల్ఫిరామ్ ఉంటే, అది తిన్న మనిషి తెలియక తాగినప్పుడు రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. మేమూ ఆ మందు వాడతాం, కానీ రోగికి అన్నీ వివరించి, ఆయన ఒప్పుకున్నాకే వాడతాం. 2019లో ఎయిమ్స్ వైద్యులు వెలువరించిన జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. మిగతా ఇళ్లలో ఇలాంటి పొడులనూ తాళాలనూ నమ్ముకుని కాలం గడుపుతున్నారన్నదే నా బాధ.

ఆసుపత్రి నుంచి వచ్చాక అసలు కష్టం మొదలవుతుంది. కోరికను తగ్గించే మందులు నెలల తరబడి వాడాలి. సాయంత్రం కూలి డబ్బు చేతిలో పడే వేళ, ఒళ్లు నొప్పులు పీకే వేళ మనసు దుకాణం వైపు లాగుతుంది. ఆయన సరేనంటే, కొన్నాళ్లు కూలి డబ్బు మీ చేతికిచ్చే ఏర్పాటు ముఠా మేస్త్రితో మాట్లాడి చేసుకోండి. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా నిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలకు పైసా ఖర్చు లేదు. ఆయన్ను ఒకసారి వెళ్లి కూర్చోమనండి.

ప్రశ్న: మా అబ్బాయికి 17 ఏళ్లు, విజయవాడలో ఇంటర్ రెండో సంవత్సరం. బ్యాగులో గంజాయి పొట్లం దొరికింది. ఆసుపత్రికి తీసుకెళ్తే పోలీసు కేసవుతుందని భయంగా ఉంది. ఎత్తుకెళ్లి మూడు నెలలు ఉంచుకునే కేంద్రాలున్నాయంటున్నారు.
– ఒక తండ్రి, విజయవాడ

జవాబు: పిల్లవాణ్ణి ఎత్తుకెళ్లే చోటికి పంపకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మైనర్లను పెద్దలతో కలిపి ఒకే వార్డులో ఉంచకూడదు. మద్యంలా కాకుండా, గంజాయి మానేటప్పుడు సాధారణంగా ప్రాణాపాయం ఉండదు. రెండు వారాల పాటు చిరాకు, నిద్రలేమి, ఆకలి మందగించడం ఉంటాయి. దాన్ని మాన్పించే ప్రత్యేకమైన మాత్ర ఏదీ లేదు, కౌన్సెలింగే చికిత్స. కాకపోతే అనుమానాలు, చెవిలో మాటలు వినిపించడం ఉంటే మాత్రం ఆ రోజే సైకియాట్రిస్టుకు చూపించాలి.

కేసు భయం గురించి: 1985 మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టంలోని 64ఏ సెక్షన్, వ్యసనపరుడు స్వచ్ఛందంగా ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చికిత్స పూర్తి చేసుకుంటే, చిన్న పరిమాణానికి సంబంధించిన కేసులో ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ కల్పిస్తుంది. కనుక ఈ భయంతో వైద్యాన్ని వాయిదా వేయకండి. ముందు మాట్లాడి చూడాలనుకుంటే మత్తు అలవాటు మాన్పించే విషయంలో సాయానికి 14446 జాతీయ హెల్ప్‌లైన్ ఉంది. అబ్బాయిని కొట్టకుండా, స్నేహితుల ముందు నిలదీయకుండా, ఎప్పుడు మొదలైంది, దేని నుంచి తప్పించుకోవడానికి అన్నది అడగండి. మార్కుల భయమో, హాస్టల్లో వేధింపో బయటపడితే చికిత్స అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ప్రశ్న: మా అమ్మకు 68 ఏళ్లు. ఎనిమిదేళ్లుగా నిద్రకు ఆల్‌ప్రజోలామ్ వేసుకుంటోంది. చీటీ లేకుండానే తెచ్చుకుంటోంది. డబ్బా పారేద్దామనుకుంటున్నాను.
– తెనాలి నుంచి ఒక పాఠకురాలు

జవాబు: పారేయకండి. ఒక్కసారిగా ఆపితే ఈ మాత్రకూ ఫిట్స్ రావచ్చు. అలాగని కొనసాగించడమూ మంచిది కాదు, రాత్రి బాత్‌రూముకు లేచినప్పుడు తూలి పడితే ఈ వయసులో తుంటి ఎముక విరుగుతుంది. డాక్టరు రాసిచ్చిన లెక్క ప్రకారం వారాలు, నెలల మీద కొద్దికొద్దిగా తగ్గించాలి. డబ్బా మీ దగ్గర ఉంచుకుని, ఏ రోజు మాత్ర ఆ రోజే ఇవ్వండి.